కొట్టని దెబ్బలు

"ఒప్పుకుంటా" అన్నాడు సమాధానం. "నేనే కొట్టినానని లేచి చెప్పేస్తా. అయిపోతుంది."

మందిరంలో మొదటి గంట మోగింది. ఉప్పుగాలికి తుప్పు పట్టిన ఆ గంట ఇసకదిబ్బ దాటి వచ్చేసరికి ఎవరో రేకు డబ్బా కొట్టినట్టు వినిపిస్తుంది. ఆ చప్పుడు ఆగేదాకా అతని భార్య ఏసుమణి వసారా గుంజ పట్టుకుని నిలబడింది. ఆగాక అడిగింది.

"ఎవర్ని కొట్టినావు?"

"ఎవర్నేంది, నిన్నే."

"ఎప్పుడు?"

అతను సబ్బు అందుకున్నాడు.

"చెప్పు. సంఘంలో అడుగుతారు గదా. ఏ పూట కొట్టినావు, ఏ చేత్తో కొట్టినావు, నేనేం తప్పు చేసినానని కొట్టినావు. అన్నీ ఇప్పుడే అనుకుని పోదాం. నువ్వొకటి నేనొకటి చెప్తే అయ్యగారు నవ్వుతారు."

"ఎగతాళి చెయ్యొద్దు మణీ."

"నేనా ఎగతాళి చేసేది? చెయ్యని తప్పు ఒప్పుకోవడానికి సబ్బు పెట్టి చేతులు కడుక్కుంటా ఉండేది నువ్వు."

నిజంగానే అతను తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. పడవల వడ్రంగి చేతులు. పలకల సందుల్లో గుగ్గిలం కూరి కూరి గోళ్ళ చుట్టూ నల్లబడిన చేతులు. జువ్వలదిన్నెలో పెద్ద చేతులున్నవాడు అతనొక్కడే కాదు. కానీ పోయిన నెల నుంచి ఊరంతా ఆ చేతుల్నే చూస్తోంది. బాడిస పట్టుకున్నా చూస్తోంది, టీ గ్లాసు పట్టుకున్నా చూస్తోంది.

పురుటికి తీసుకుపోదామని పుట్టిల్లు సంగం ఊరి నుంచి వచ్చిన ఏసుమణి తల్లి, కూతురికి తలంటి పోస్తూ వీపు మీదా తొడల మీదా వంకాయరంగు మచ్చలు చూసింది. చెంబు అక్కడే పారేసి, తడిచేతులతో మందిరం పాస్టరు అయ్యగారి ఇంటికి పోయి ఏడ్చింది. సంఘ పెద్దలు ఆ సాయంత్రమే కూర్చున్నారు. సమాధానానికి ప్రభువు బల్ల ఆపేశారు. తప్పు చేసినవాడు ఆరాధనలో లేచి తన నోటితో ఒప్పుకోవాలి. అప్పుడు అయ్యగారు సహవాసపు కుడిచెయ్యి ఇస్తారు. ఆ తరువాతే రొట్టె, ఆ తరువాతే రసం. తప్పు చెయ్యనివాడు ఏం చెయ్యాలన్నది ఆ ఏర్పాటు చేసినవాళ్ళకు తట్టలేదు. పెద్దలంటూ కూర్చున్నాక ఎవరిదో ఒకరి తప్పు తేల్చకుండా లేస్తారా?

"ఎవరూ కొట్టలా" అని ఏసుమణి అందరికీ చెప్పింది. మొగుడి చేత తన్నులు తిన్న ప్రతి ఆడదీ అదే మాట చెబుతుంది. చిక్కంతా అక్కడే వచ్చింది. నిజం చెప్పడానికీ అబద్ధం చెప్పడానికీ ఆడవాళ్ళకు ఈ ఊళ్ళో ఒకటే మాట మిగిల్చారు.

సమాధానం తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు.

"బల్ల కోసం కాదు నేను ఒప్పుకునేది. బల్ల లేకపోతే పోనీ. మీ అన్న కోసం. నెల్లూరు డాక్టరమ్మ ఏమనింది? సీసాలో నిలవ పెట్టిన రక్తం నీకు పనికిరాదనింది. కాన్పు అయ్యేటప్పుడు మనుషులు ఆస్పత్రి వసారాలో కూర్చుని ఉండాల, అప్పటికప్పుడు తీసి నీకు ఎక్కించాల, ఒక్కరిది చాలకపోవచ్చు అనింది. నాది కలవలా. మా అమ్మది కలవలా. మీ అన్నది కలుస్తుంది. ఆయన వస్తే మీ చిన్నాయన కొడుకుల్ని కూడా తెస్తాడు. ఆయనేమో నేను సంఘంలో ఒప్పుకుంటేనే వస్తానంటాడు. లేకపోతే నిన్ను సంగం తీసుకుపోయి మంత్రసాని చేత పురుడు పోయిస్తానంటాడు. ఒక్క అబద్ధం మణీ. నోరు తెరిచి మూస్తే అయిపోతుంది. నువ్వు బతుకుతావు."

"బతికి?"

"బతికి ఏంది?"

"రేపు బిడ్డ పుడతాది. నడక వస్తాది, వీధిలోకి పోతాది. మీ నాయన కడుపుతో ఉండే మీ అమ్మని కొట్టినాడంట, సంఘంలో ఆయనే చెప్పినాడంట అని ఎవరో ఒకరు చెప్తారు. వచ్చి నన్ను అడుగుతాది. కొట్టలా అంటా నేను. ఆ బిడ్డ కూడా నమ్మదు. చాలునా?"

వంటింటి గడప మీద మగ్దలీనమ్మ కూర్చుని ఉంది. తెల్లచీర కట్టుకుని, బైబిలు గుడ్డసంచిలో పెట్టుకుని, ఎప్పుడో తయారైంది. ఈ నెలంతా ఆమె నోరు విప్పింది తక్కువ. కొడుకు మీద పడిన ఈ నింద సగం మొగుడి నుంచి వచ్చిన ఆస్తేనని ఆమెకు తెలుసు. చచ్చిపోయిన ఇశ్రాయేలు సంఘంలో పెద్ద. ఆయన చేతివాటం వీధి మొత్తానికీ తెలుసు. బతికినన్నాళ్ళూ మగ్దలీనమ్మ గడప తగిలిందని ఒకసారి, నిచ్చెన జారిందని ఒకసారి చెప్పుకుంది. విన్నవాళ్ళు అయ్యో అని, ఎవరి దారిన వాళ్ళు పోయారు. తండ్రి కొట్టాడు కాబట్టి కొడుకూ కొట్టే ఉంటాడని ఇప్పుడు లెక్క కట్టింది కూడా వాళ్ళే.

"నువ్వన్నా చెప్పు అత్తా" అంది ఏసుమణి.

"నా మాట ఎవరు నమ్ముతారే? ఇశ్రాయేలు పెళ్ళాం కొడుకును వెనకేసుకు రాక ఏం చేస్తుందంటారు." అంటూనే ఆమె గుంజ మీద కోడలి చెయ్యి చూసింది. వేళ్ళు తెల్లబడి ఉన్నాయి. "నడుము నొప్పా?"

"కాదు."

"మరి?"

"నిలబడి నిలబడి" అంది ఏసుమణి, గుంజ వదిలి.

*

మిల్లు లారీ వీధి చివర సర్వితోపు నీడలో ఉంది. ఏసుమణి అన్న జీవానందం కావలిలో బియ్యం బస్తాలు దించి, ఖాళీ బండిని యజమానికి చెప్పీ చెప్పకుండా ఇటు తిప్పాడు. చెల్లెలి ట్రంకుపెట్టె నిన్ననే వెనక ఎక్కించి తాడు బిగించాడు. ఈ ఇంట్లో మంచినీళ్ళు ముట్టనన్నాడు, ముట్టలేదు. ఇప్పుడు లారీ పక్కద్దంలో చూసుకుంటూ తల దువ్వుకుంటున్నాడు.

"మందిరంలోకి వస్తావా, ఈడే ఉంటావా?" అంది ఏసుమణి.

"వస్తా. వాడు ఒప్పుకునేది నా చెవులతో వినాల."

"వాడు కాదు. బావ."

"ఒప్పుకున్నాక బావ."

"ఒప్పుకుంటే కొట్టినవాడు గదా. కొట్టినవాడు బావ, కొట్టనివాడు వాడు. బాగుంది నీ వరస."

జీవానందం అద్దాన్ని ఆమె వైపు తిప్పాడు. "ముఖం చూసుకున్నావా? బుగ్గలు ఎట్టా వాచినాయో చూడు."

"అది మాత్రల వాపు. ఇవి మింగితే ముఖం ఉబ్బుతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది."

"మెడ కింద ఆ నలుపు?"

"గొలుసు ఒరుసుకుని వచ్చింది. గొలుసు ఒరుసుకున్నా వస్తుంది, మంచం అంచు తగిలినా వస్తుంది. పళ్ళు తోముకుంటే నెత్తురు. దెబ్బ తగిలిన చోట రక్తం గడ్డకట్టడానికి ఒంట్లో సన్న కణాలు ఉంటాయంట అన్నా, ప్లేట్‌లెట్లు అంటారంట. కడుపుతో ఉన్నప్పుడు కొందరికి తగ్గుతాయంట. నాకు మరీ తగ్గిపోయినాయి. సీసాలో నిలవుంచిన రక్తంలో అవి బతకవంట. వేలు పొడిచి గాజుపలక మీద చుక్క తీసి, అద్దంలో పెట్టి చూసి చెప్పింది. బిడ్డ పుట్టినాక నెత్తురు ఆగకపోతే కష్టమనింది."

"పేర్లకేం, బాగానే పెడతారు. ఆ డాక్టరు దగ్గరికి నిన్ను తీసుకుపోయింది ఎవరు? ఆయనే గదా."

"ఆయనే. డాక్టరమ్మ కూడా ముందు నీలాగే అనుకుంది. ఆయన్ని బయటికి పంపి, తలుపేసి, భయపడకుండా చెప్పు, ఎవరు కొట్టినారు అని అడిగింది. ఎవరూ కొట్టలా అన్నా. నమ్మలా. రక్తపోటు చూసే పట్టీ ఉంటుంది చూడు, అది జబ్బకు చుట్టి గాలి కొట్టి కాసేపు అట్టే ఉంచింది. తీసేసరికి మోచేతి కిందంతా ఎర్రచుక్కలు. అప్పుడు నమ్మింది. నర్సును పిలిచి, బయట నిలబడి ఉండే ఆయనకు కుర్చీ వెయ్యమనింది."

"నేను కుర్చీలు వేసేవాణ్ణి కాదు."

"తెలుసు."

జీవానందం దువ్వెన జేబులో పెట్టుకున్నాడు. మెడలో చుట్టుకున్న గళ్ళరుమాలు విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. చెల్లెలి ముఖం చూడకుండా మాట్లాడాడు.

"ఇశ్రాయేలు కొడుకు వద్దురా అని అమ్మ మొత్తుకుంది. తండ్రి వేరు, కొడుకు వేరు అని చెప్పి ఈ సంబంధం ఖాయం చేసింది నేను. నీ వీపు ఎట్టుందో అమ్మ సంగం తిరిగొచ్చి చెప్తా ఉంటే నాకు అన్నం దిగలా. ఆ పాపం నాది. అందుకని నేను తేల్చుకోకుండా పోను."

"తేల్చుకో. నన్ను అడ్డం పెట్టుకుని మాత్రం తేల్చుకోవద్దు. చైనా వాడు మీద పడినప్పుడు నెల్లూరు పోయి వరసలో నిలబడి జవాన్లకు రక్తం ఇచ్చి వచ్చినావు. నీదీ నాదీ కలుస్తుందని తెలిసింది కూడా అప్పుడు నీకు ఇచ్చిన చీటీతోనే. ఆ జవాను ఎవరో నీకు తెలుసునా? ఇంట్లో పెళ్ళాన్ని కొడతాడో కొట్టడో అడిగి ఇచ్చినావా?"

జీవానందం అద్దాన్ని మళ్ళీ తనవైపు తిప్పుకున్నాడు. రెండో గంట మోగింది. అది అతనికి బాగా కలిసొచ్చింది.

*

మందిరంలో మగవాళ్ళు కుడివైపు చాపల మీద, ఆడవాళ్ళు ఎడమవైపు చాపల మీద కూర్చున్నారు. మధ్యలో బల్ల. బల్ల మీద రొట్టె పళ్ళెం, దాని మీద తెల్లగుడ్డ. కిటికీలోంచి సముద్రం వినిపిస్తోంది.

అయ్యగారు చెడ్డవాడు కాదు. గొడవలు ఆయనకు పడవు, అంతే. న్యాయం కోసం గొడవ సాగడం కన్నా అన్యాయంగానైనా సద్దుమణిగితే ఆయనకు నిద్ర పడుతుంది. అందుకని ప్రసంగం త్వరగా ముగించి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "సమాధానం, లే నాయనా" అన్నాడు.

సమాధానం లేచాడు. ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి పెట్టుకున్నాడు.

"సంఘానికి ఏం చెప్పదలుచుకున్నావు?"

"నేను" అన్నాడు సమాధానం. గొంతు సవరించుకున్నాడు. "నేను నా భార్యను..."

"అయ్యగారూ."

ఏసుమణి చాప మీద చెయ్యి ఆనించి, పక్కనున్న మగ్దలీనమ్మ భుజం పట్టుకుని లేచింది. "ఆయన చెప్పబోయేది అబద్ధం. బల్ల ముందర నిలబెట్టి అబద్ధం చెప్పించొద్దండి."

"అమ్మా, కూర్చో. ఇది ఆడవాళ్ళు మాట్లాడే చోటు కాదు."

"నా ఒంటి మీద మచ్చల గురించి గదండి మాట్లాడేది. నేను గాక ఎవరు మాట్లాడతారు?"

మగవాళ్ళ వైపు ఎవరో దగ్గారు. ఆ దగ్గు ఏ పక్షానిదో తెలియలేదు. ఏసుమణి మెల్లిగా నడిచి బల్ల దగ్గరికి వచ్చింది. ఎడమచేతి రవిక పైకి జరుపుకుని, ముంజేయి వెల్లకిలా తిప్పి అందరికీ చూపించింది.

"చూడండి. మోచేతి నుంచి మణికట్టు దాకా ఇక్కడ ఒక్క మచ్చ లేదు. బాగా చూడండి. తరువాత చూడలేదనొద్దు." అన్న వైపు తిరిగింది. "అన్నా, నీ రుమాలు పట్టుకురా. ఆయనది తీసుకుంటే అందులో ఏదో పూసినామంటావు. నువ్వే వచ్చి జబ్బకు కట్టు. నాడి ఆగిపోయేంత కాదు, జారిపోయేంత కాదు."

"వద్దు మణీ" అన్నాడు సమాధానం. "ఒంటి మీద ఏదీ బిగించొద్దనింది డాక్టరమ్మ."

"గుర్తుంది."

జీవానందం లేచి వచ్చాడు. అందరి ముందూ పిలిచాక రాకుండా ఎట్లా ఉంటాడు? మెడలోని గళ్ళరుమాలు తీసి చెల్లెలి జబ్బకు చుట్టి ముడి వేశాడు. బస్తాల తాళ్ళు బిగించే వేళ్ళు ఆ ముడిని వదులుగానే వదిలాయి.

"ఇంకొంచెం" అంది ఏసుమణి. అతను బిగించాడు. "ఇప్పుడొక పాట పాడండి. అది అయ్యేలోగా తేలుతుంది."

ఎవరూ ఎత్తుకోలేదు. అయ్యగారు బల్ల వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు. చివరికి ఎత్తుకున్నది మగ్దలీనమ్మ. ఆమెది బొంగురు గొంతు. కళ్ళు మూసుకుని, ఎవరు కలిసినా కలవకపోయినా సరే అన్నట్టు పాడింది. రెండో పంక్తికి అలవాటు కొద్దీ నలుగురు కలిశారు. తరువాత అందరూ కలిశారు.

మొదటి చరణంలో ఏమీ లేదు. రెండో చరణం సగంలో మోచేతి మడతకు కాస్త కింద సూదిమొన తాకినట్టు ఒక ఎర్రచుక్క లేచింది. దాని పక్కన ఇంకొకటి. ఆ రెంటి మధ్యన మూడోది. ముందువరస ఆడవాళ్ళు పాడుతూనే మెడలు చాపారు. చుక్కలు ముంజేయి మీదుగా దిగుతూ వచ్చాయి, పాళీ విదిలించి ఎర్రసిరా చిలికినట్టు. చూసినవాళ్ళ గొంతులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. కళ్ళు మూసుకున్న మగ్దలీనమ్మ ఒక్కతే చివరి చరణం పూర్తి చేసింది.

జీవానందం ముడి విప్పాడు. రుమాలు ఉన్నచోట నల్లటి కట్టు మిగిలింది.

"ఎవరికి కట్టినా ఇట్టాగే వస్తాయి" అన్నాడు. ఆ మాట అతనికే సరిగా వినిపించలేదు.

"అయితే నువ్వు కట్టుకో."

అతను చొక్కా చెయ్యి పైకి మడిచి, రుమాలు జబ్బకు చుట్టి, ఒక కొస పంటితో పట్టుకుని లాగాడు. ఈసారి పాట ఎవరూ ఎత్తుకోలేదు. చేపల కోసం కొట్లాడుకునే కాకులు, సముద్రం, అంతే. అందరూ ఆ చేతినే చూశారు. మోచేతి మడతలో నరం తాడులా పొంగింది. చర్మం మాత్రం కడిగిన పళ్ళెంలా ఉంది. చూసి చూసి వెనకవరసలో ఒక ముసలాయన, "ఇంక తియ్యిరా అబ్బయా, చెయ్యి పడిపోతుంది" అన్నాడు.

"ఆ నరం చూసినావా అన్నా" అంది ఏసుమణి నెమ్మదిగా. "అందులో రక్తమే డాక్టరమ్మ నాకు కావాలనింది."

జీవానందం రుమాలు విప్పుకున్నాడు. చొక్కా చెయ్యి దించుకున్నాడు. ఎవరితోనూ మాట్లాడకుండా చెప్పులు వదిలిన చోటికి నడిచి, వాటిని చేత్తో పట్టుకునే బయటికి పోయాడు.

అయ్యగారు గట్టిగా ఊపిరి వదిలాడు. "దేవునికి స్తోత్రం. అంతా తేటపడింది. సమాధానం, రా నాయనా." బల్ల మీదుగా కుడిచెయ్యి చాపాడు.

సమాధానం ఆ చెయ్యి చూశాడు. తన చేతులు వెనకనుంచి ముందుకు తేలేదు.

"ఎందుకయ్యగారూ?"

"సహవాసానికి."

"తప్పు ఒప్పుకున్నవాడికి గదా మీరిచ్చేది ఈ చెయ్యి. నేనేం ఒప్పుకున్నా?"

"మనసులో పెట్టుకోకు నాయనా. పొరపాటు జరిగింది."

"ఎవరికి జరిగింది?" అన్నాడు సమాధానం. కాసేపటి క్రితం నోరు తెరిచి మూస్తే అయిపోయే అబద్ధం కోసం లేచిన మనిషి ఇతనేనా అన్నట్టు భార్య అతని వైపు చూసింది. "బల్ల ఆపినవాళ్ళు ఒక్కొక్కరే లేచి, నోటితో చెప్పండి. అప్పుడు నేనే ఇస్తా చెయ్యి. కుడిచెయ్యే."

ఎవరూ లేవలేదు. లేచింది మగ్దలీనమ్మ ఒక్కతే.

"అయ్యగారూ, ఒక సంగతి తెలియక అడుగుతా ఉండాను. మా ఆయన ఈ బల్ల దగ్గర నిలబడే రొట్టె పంచేవాడు. ఆ చేత్తోనే పంచేవాడు. నేను ఈ చాప మీద కూర్చుని వాచిన చేత్తో అందుకునేదాన్ని. ఆయనకు ఏనాడూ బల్ల ఎందుకు ఆపలేదండి?"

కోపంగా అడగలేదు. తెలుసుకుందామని అడిగినట్టే ఉంది.

"అప్పుడు నేను ఈ సంఘంలో లేనమ్మా" అన్నాడు అయ్యగారు.

"మీరు లేరు. వీళ్ళుండారు."

బయట లారీ ఇంజను మొదలైంది.

*

జీవానందం స్టీరింగు పట్టుకుని ముందుకు చూస్తూ కూర్చున్నాడు. ఏసుమణి రెండోవైపు తలుపు తెరిచింది. మెట్టు ఎత్తు. వెనకే వచ్చిన సమాధానం ఆమెను ఎక్కించడానికి చేతులు చాపి, ఆగిపోయాడు. నెల రోజులుగా అతనికి అదే భయం. ఆ చేతులు ఎక్కడ పడితే అక్కడ మచ్చ పడుతుంది, ఎవరో చూస్తారు.

"పట్టుకో" అంది ఆమె. "పడితే పడనీ. చూస్తే చూడనీ."

అతను రెండు చేతులతో ఆమెను ఎత్తి సీట్లో కూర్చోబెట్టాడు. తల్లిని వెనక ఎక్కించి, తానూ ఎక్కి ట్రంకుపెట్టె పక్కన నిలబడ్డాడు. జీవానందం అతన్ని ఎక్కమనలేదు. దిగమనీ అనలేదు.

"యాడికి?" అన్నాడు, చెల్లెలి వైపు తిరగకుండా.

"కోవూరు దాకా ఒకటే దారి గదా. ఆడ పెన్న వంతెన ఎక్కిస్తే నెల్లూరు. కుడిచేతికి తిప్పితే సంగం. నడిపేది నువ్వు. నేను దిగి పరిగెత్తలేను."

"తప్పయిందని నా చేత చెప్పించుకోవాలని ఉండాదా నీకు?"

"లేదు. మాటలు చాలా విన్నా ఈ నెల."

లారీ కదిలింది. ఇసకలో కూరుకున్న చక్రం పైకి లేచి ధబ్బున పడింది. ఏసుమణి ముందరి కడ్డీ పట్టుకుంది. గుంత దాటినా ఆ పట్టు వదల్లేదు. కళ్ళు ఎటూ చూడకుండా నిలిచిపోయాయి. జీవానందం ముందు రోడ్డు చూశాడు, తరువాత ఆ వేళ్ళు చూశాడు.

"గుంత దాటినాం గదా మణీ."

ఆమె కొంచెంసేపటికి ఊపిరి తీసుకుంది. "గుంత కాదన్నా. తెల్లవారినప్పటి నుంచి నొప్పులు వస్తా ఉండాయి."

అతను బ్రేకు తొక్కాడు. "తెల్లవారినప్పటి నుంచా? మరి మందిరంలో అంతసేపు నిలబడి..."

"అది తేలకపోతే నువ్వు రావు. నువ్వు రాకపోతే నెల్లూరు పోయి మాత్రం ఏం చెయ్యను?"

జీవానందం గళ్ళరుమాలుతో ముఖం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. తరువాత అడిగాడు. "నా ఒక్కడిది చాలుతుందా?"

"చాలకపోవచ్చు అనింది."

"సంగం పోయి మనోళ్ళని ఎక్కించుకుని రావాలంటే..."

"అంతసేపు లేదు."

అతను పక్కద్దంలోకి చూశాడు. ఏసుమణీ చూసింది. మందిరం మెట్ల మీద మగవాళ్ళు గుంపుగా నిలబడి ఉన్నారు. బల్ల అట్లాగే వదిలి బయటికి వచ్చారు. బలమైన మనుషులు, వల లాగే మనుషులు. వాళ్ళలో ఎవరి రక్తం కలుస్తుందో, ఎవరిది కలవదో ఆస్పత్రిలో చూస్తేగాని తెలియదు. మగ్దలీనమ్మా సమాధానమూ ఇప్పుడే వాళ్ళ ముఖాన కొట్టినట్టు మాట్లాడి వచ్చారు.

సమాధానం వెనకనుంచి దూకి కిటికీ దగ్గరికి వచ్చాడు. "ఎందుకాపినారు?" ఏసుమణి ముఖం చూడగానే అతనికి అర్థమైంది. తిరిగి మెట్ల వైపు చూశాడు. "పోయి కాళ్ళు పట్టుకుంటా. అయ్యగారి చెయ్యి కూడా పట్టుకుంటా."

"ఎవరి కాళ్ళూ పట్టుకోవద్దు" అంది ఏసుమణి. "బతిమాలొద్దు. లారీ ఈడ కాసేపు ఉంటుందని చెప్పు. నోటితో ఒప్పుకోవడం చాతకానోళ్ళు చేత్తో రక్తమిచ్చి ఒప్పుకోవచ్చని చెప్పు. వచ్చేవాళ్ళు వస్తారు."

"రాకపోతే?"

ఆమె మళ్ళీ కడ్డీ పట్టుకుంది.

సమాధానం ఇసకలో నడిచిపోయాడు, పెద్ద చేతులు రెండూ కనిపించేట్టు ఊపుకుంటూ. మెట్ల ముందు ఆగి ఏదో చెప్పాడు. గాలికి మాట ఇటు రాలేదు. జీవానందం హారను గట్టిగా ఒక్కసారి నొక్కి వదిలాడు.

మెట్ల మీద మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరూ లోపలికి పోలేదు. ఎవరూ కిందికి దిగలేదు.